కప్పు లేని కారుకి బలమంతా కిందే: 1965 మస్టాంగ్ కన్వర్టిబుల్‌ని ఇంట్లో బాగుచేసుకోవడం

(మిషిగన్‌లో తెలుగువాళ్ళ సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం.

లోపలికి వస్తూ బయట నిలబెట్టిన తెల్ల కారుని చాలామందే చూసినట్టున్నారు. దగ్గరికొచ్చి మాట్లాడినవాళ్ళు ఎక్కువగా పెయింటు గురించే అడిగారు. పెయింటు సంగతి చెప్తాను గానీ చివర్లో, అదీ కొంచెమే. ఆ కారు మీద మా ఇంట్లో జరిగిన పనిలో పెద్ద భాగం నిలబడి చూస్తే కనబడదు. వెల్లకిలా పడుకుని కిందకి దూరి చూడాలి. నేను చెప్పదలుచుకున్నదంతా ఆ కింది భాగం గురించే. పాత కన్వర్టిబుల్, అంటే ఇనప కప్పు లేకుండా మడిచే బట్ట కప్పున్న కారు, కొనాలని మనసులో ఉన్నవాళ్ళు, కొనేసి గరాజులో గుడ్డ కప్పి ఉంచినవాళ్ళు మీలో ఉన్నారని నాకు తెలుసు. మీకు నా మాట ఒక్కటే: ముందు అడుగు భాగం నిలబెట్టండి, రంగు సంగతి తర్వాత.

ముందు ఈ కారు పుట్టుక చెప్తాను. 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్స్ ఫెయిర్‌లో ఫోర్డ్ వాళ్ళు మస్టాంగ్‌ని జనం ముందు పెట్టారు. కప్పున్న మామూలు మోడల్ ధర 2,368 డాలర్లు, కన్వర్టిబుల్ 2,614. పైకి కొత్తగా కనిపించినా అడుగున ఉన్నది చాలావరకు అప్పటికే అమ్ముడుపోతున్న ఫోర్డ్ వాళ్ళ చిన్న కారు ఫాల్కన్ సామానే. అందుకే ఆ ధరకి ఇవ్వగలిగారు. 1965 మోడల్ కింద లెక్కకొచ్చిన కన్వర్టిబుల్స్ 1,01,945. మరుసటి ఏడాది మోడల్‌లో 72,119. ఇంట్లో పని నేర్చుకుంటూ బాగుచేసుకునేవాడికి ఇది చాలా పెద్ద సంగతి. ఇన్ని కార్లు తిరిగాయి కాబట్టే దీనికి ఈనాటికీ దొరకని సామాను దాదాపు లేదు. తలుపు రబ్బర్ల దగ్గర్నుంచి డ్యాష్‌బోర్డు దాకా కొత్తగా తయారుచేసి అమ్ముతున్నారు. ఫోర్డ్ లైసెన్సుతో బాడీ మొత్తాన్ని కొత్త రేకుతో చేసిచ్చే కంపెనీ కూడా ఉంది. అదే సంవత్సరపు వేరే అమెరికన్ కన్వర్టిబుల్స్ కొన్నింటికి ఒక్క తలుపు గడియ కోసం ఏటా అక్టోబరులో పెన్సిల్వేనియాలోని హెర్షీలో జరిగే పాత సామాన్ల సంతకి వెళ్ళి గుట్టలు గుట్టలు వెతకాలి. మొదటిసారి చేతులు పెట్టేవాళ్ళకి నేను మస్టాంగే చెప్తాను.

ఇక్కడ ఒకరి కథ చెప్పాలి. షికాగోలో గెయిల్ వైజ్ అనే ఆవిడ, అప్పటికి ఇరవై రెండేళ్ళ అమ్మాయి, బడిలో టీచరు ఉద్యోగం. ఫోర్డ్ వాళ్ళు మస్టాంగ్‌ని ప్రకటించడానికి రెండు రోజుల ముందు, ఏప్రిల్ 15న, షోరూముకి వెళ్ళి కన్వర్టిబుల్ కావాలని అడిగింది. అమ్మేవాడు వెనక గదిలో గుడ్డ కింద దాచిన లేత నీలం రంగు కారు చూపిస్తే, అక్కడికక్కడే కొనేసింది. అమెరికాలో మస్టాంగ్ కొన్న మొదటి మనిషి ఆవిడే అంటారు. పిల్లలు పుట్టారు, కారు పాతబడింది, 1979లో గరాజులోకి వెళ్ళింది. వచ్చే వారం చూద్దాం, వచ్చే వారం చూద్దాం అనుకుంటుండగానే పాతికేళ్ళు దాటిపోయాయి. భర్త రిటైరయ్యాక బాగుచేయించారు. అన్నేళ్ళూ వాళ్ళు దాన్ని అమ్మలేదు, తుక్కుకి వెయ్యలేదు. మీ గరాజులో ఏళ్ళ తరబడి కదలకుండా ఉన్న కారుని చూసి ఎవరైనా ఇక లాభం లేదంటే, ఆ నీలం కారుని గుర్తుచేసుకోండి. కదలని కారు ఇంకా బతికే ఉంటుంది. వానలో వదిలేసిన కారు బతకడమే కష్టం.

సరే, పనిలోకి వద్దాం. ముందుగా కారు మీద రాసి ఉన్నది చదవడం నేర్చుకోవాలి. బానెట్ ఎత్తితే డ్రైవరు వైపు లోపలి రేకు మీద నంబరు కొట్టి ఉంటుంది. మొదటి అంకె 5 అంటే 1965 మోడల్. తర్వాతి అక్షరం ఫ్యాక్టరీది. ఎఫ్ అయితే మన పక్కనే ఉన్న డియర్‌బోర్న్, ఆర్ అయితే శాన్ హోసే, టీ అయితే మెటచెన్. చుట్టాలకి చెప్పుకోదగ్గ సంగతి ఒకటుంది. ఆ మెటచెన్ ఫ్యాక్టరీ నిజానికి ఉన్నది న్యూజెర్సీలోని ఎడిసన్‌లో. మనవాళ్ళు ఇన్ని వేల మంది ఉంటున్న ఎడిసనే. 2004లో మూసేశారు. శాన్ హోసే ఫ్యాక్టరీ ఉన్నది మిల్పిటస్‌లో. 1983లో అది మూతపడింది. 1994లో అదే భవనంలో గ్రేట్ మాల్ తెరిచారు. కాలిఫోర్నియాలో ఉన్న మన చుట్టాలు పండగ బట్టలు కొనుక్కునే చోటే ఒకప్పుడు ఈ కార్లు లైన్ మీద నడిచాయి. నా కారు నంబరులో ఉన్నది ఆర్. అంటే మిల్పిటస్‌లో పుట్టిన కారు ఎప్పుడో మిషిగన్ చేరి, మంచు కరగడానికి ఉప్పు చల్లే మన రోడ్ల పాలైంది.

ఫ్యాక్టరీ అక్షరం తర్వాత వచ్చే రెండంకెలు మీకు అన్నిటికంటే ముఖ్యం. 08 ఉంటే కన్వర్టిబుల్. 07 కప్పున్న కారు, 09 ఫాస్ట్‌బ్యాక్, అంటే కప్పు వెనక దాకా వాలుగా దిగే కారు. కన్వర్టిబుల్‌కి ధర ఎక్కువ పలుకుతుంది కాబట్టి 07 కారుకి కప్పు కోసేసి కన్వర్టిబుల్ అని అమ్మేవాళ్ళు ఉన్నారు. అది మోసమే కాదు, ప్రమాదం కూడా. ఎందుకో ఇప్పుడే చెప్తాను. ఆ తర్వాతి అక్షరం ఇంజనుది. సీ అంటే 289 క్యూబిక్ అంగుళాల వీ8, రెండు నోళ్ళ కార్బొరేటర్, 1965లో 200 హార్స్‌పవర్ అని రాశారు. కే అంటే 271 హార్స్‌పవర్, దాని ధర వేరు, లోకం వేరు. తలుపు మీద ఇంకో చిన్న రేకు ఉంటుంది. అందులో 76ఏ లాంటి బాడీ కోడు, రంగు కోడు, లోపలి అప్హోల్స్టరీ కోడు ఉంటాయి. నా కారుకి రంగు కోడు ఎం, వింబుల్డన్ వైట్. 1967 నుంచి వచ్చిన ఫోర్డ్ కార్లకి తయారీ రికార్డులు దొరుకుతాయి, డబ్బు కట్టి తెప్పించుకోవచ్చు. 1965, 66 కార్లకి ఆ భాగ్యం లేదు. కాబట్టి ఆ చిన్న రేకు పోగొట్టుకోకండి. పెయింటు షాపుకి పంపేముందు తలుపు రేకుని విప్పి ఇంట్లో భద్రంగా పెట్టండి.

ఇప్పుడు అసలు సంగతి. పాతకాలపు పెద్ద అమెరికన్ కార్లకి కింద నిచ్చెన లాంటి ఫ్రేము వేరుగా, పైన బాడీ వేరుగా ఉండేవి. మస్టాంగ్‌కి అది లేదు. రేకులన్నీ కలిపి స్పాట్ వెల్డింగ్, అంటే చుక్కలు చుక్కలుగా అతుకు, చేస్తే వచ్చిన బాడీయే దాని ఎముక. చెప్పుల అట్టపెట్టె తీసుకోండి. మూతతో ఉంటే మెలిపెట్టలేరు. మూత తీసి రెండు చివర్లా పట్టుకుని తిప్పండి, ఇట్టే మెలికపడుతుంది. కారు కప్పు అలాంటి మూతే. అది తీసేసినప్పుడు పోయిన బలాన్ని ఫోర్డ్ ఇంజనీర్లు కింద కలిపారు. తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పోయే రాకర్ దూలం ఉంది చూశారా, కన్వర్టిబుల్‌లో దాని లోపలి రేకు చాలా మందంగా ఉంటుంది. బాడీలోనే భాగంగా ముందు వైపు ఉండే దూలాన్ని ఫ్రేము రైలు అంటారు. దానికీ ఆ రాకర్‌కీ మధ్య టార్క్ బాక్సులనే బలమైన రేకు పెట్టెలు రెండు పక్కలా పెట్టారు. ముందు సీట్ల అడుగున అదనంగా బలం రేకులు వేశారు. అందుకే కప్పు లేని మస్టాంగ్, కప్పున్నదానికంటే బరువెక్కువ. ఎవరో కప్పు కోసేసిన 07 కారుకి ఇవేవీ ఉండవు. గుంతలో పడ్డప్పుడు మధ్యలోంచి వంగుతుంది.

మరి ఈ కింది బలాన్ని తినేది ఏమిటి? తుప్పు అని అందరికీ తెలుసు. ఎక్కడ మొదలవుతుందో చాలామందికి తెలియదు. ఈ రోడ్ల మీద చల్లే ఉప్పు కింది నుంచి తింటుంది, నిజమే. మస్టాంగ్‌లో పైనుంచి కూడా తింటుంది. విండ్‌షీల్డ్ కింద, వైపర్ల దగ్గర జాలీ కనబడుతుంది కదా, దాని లోపల రెండు రేకుల మధ్య ఖాళీ గది ఉంది. దాన్ని కౌల్ అంటారు. బయటి గాలి అందులోంచే లోపలికి వస్తుంది. గాలి లోపలికి దిగే కన్నాల చుట్టూ నీళ్ళు ఒలకకుండా చిన్న గట్టు లాంటి రేకు ఉంటుంది. ఏళ్ళ తరబడి రాలిన ఆకులు అక్కడ పడి కుళ్ళి, తడి ఆరక, ఆ గట్టు తుప్పు పట్టి కన్నాలు పడుతుంది. ఇక ప్రతి వానకీ నీళ్ళు డ్యాష్‌బోర్డు వెనకనుంచి కార్పెట్టు కిందకి దిగుతాయి. పైకి కార్పెట్టు పొడిగానే ఉంటుంది. దాని కింద అడుగు రేకు నానుతూ ఉంటుంది. నీళ్ళు అక్కడినుంచి పల్లానికి, అంటే రాకర్‌లోకి, టార్క్ బాక్సులోకి పోతాయి. కారు కొనేముందు ఒక చెంబుడు నీళ్ళు ఆ జాలీలో నెమ్మదిగా పొయ్యండి. టార్చి పట్టుకుని డ్యాష్ కింద చూడండి. నీళ్ళు కారని కారుకి ఇంకో వెయ్యి డాలర్లు ఎక్కువిచ్చినా నష్టం లేదు.

నా కారుకి పాత యజమాని అడుగు భాగం మీద కొత్త రేకు పరిచి, రివెట్లు కొట్టి, పైన తారు పూశాడు. చూడ్డానికి గట్టిగానే ఉంది. తారు గీకి రివెట్లు విప్పితే కింద పాత రేకు చేత్తో నలిపితే పొడి అయ్యేలా ఉంది. విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్ మేస్త్రీలు రేకు మీద సుత్తితో తట్టి, శబ్దం విని, కింద లప్పం ఉందో ఇనుము ఉందో చెప్పేస్తారు. చిన్నప్పుడు వాళ్ళని చూస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి కొనేటప్పుడే తట్టి చూశాను, ఏం కొంటున్నానో తెలిసే కొన్నాను. మీరూ తట్టండి. సుత్తి అక్కర్లేదు, స్క్రూడ్రైవరు పిడి చాలు. అయస్కాంతం గుడ్డలో చుట్టి తీసుకెళ్ళండి, లప్పం మీద అది నిలవదు.

ఇక కోయడం. ఇక్కడ నెమ్మదిగా చెప్తాను, ఎందుకంటే కన్వర్టిబుల్ చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే, అదీ మంచి ఉద్దేశంతో పనిచేస్తున్నవాళ్ళ చేతిలోనే. కప్పు లేని కారుకి అడుగు భాగం కోసేస్తే ఇక ముందు భాగాన్నీ వెనక భాగాన్నీ పట్టుకుని ఉండేది ఏమీ లేదు. మధ్యలో అర అంగుళం కిందకి వాలిందనుకోండి, మీరు ఆ వంపులోనే కొత్త రేకు వెల్డింగ్ చేసేస్తే, ఆ కారు జీవితాంతం అలాగే ఉండిపోతుంది. తలుపులు ఎంత సర్దినా సరిగ్గా పడవు.

కాబట్టి ఒక్క రేకూ కోయకముందు తలుపులు రెండూ బిగించి, వాటి చుట్టూ సందు సమానంగా ఉందో లేదో చూడండి. దాదాపు అయిదు మిల్లీమీటర్లు, అన్నివైపులా ఒకేలా ఉండాలి. లేకపోతే ముందు కారుని నిదానంగా జాకీలతో ఎత్తి సందు సరిచెయ్యాలి. తర్వాత తలుపు ద్వారంలో ముందు కీలు దగ్గర్నుంచి వెనక గడియ దాకా చదరపు ఇనప గొట్టం బిగించండి. ఒక పక్క నుంచి ఇంకో పక్కకి అడ్డంగా ఇంకోటి, మూల నుంచి మూలకి ఏటవాలుగా ఇంకోటి. నేను తలుపు కీళ్ళ బోల్టు కన్నాలకీ సీటుబెల్టు బోల్టులకీ పట్టీలు వేసి బిగించాను, బాడీకి వెల్డింగ్ చెయ్యలేదు. తర్వాత విప్పేస్తే మచ్చ కూడా ఉండదు. కారుని స్టాండ్ల మీద పెట్టేటప్పుడు చక్రాల దగ్గర, ముందు ఫ్రేము రైళ్ళ కింద, వెనక యాక్సిల్ కింద ఆనించండి. రోడ్డు మీద నిలబడ్డప్పుడు బరువు ఎక్కడ పడుతుందో అక్కడే పడాలి. ఫోర్డ్ షాప్ మాన్యువల్‌లో అడుగు భాగం కొలతల బొమ్మ ఉంటుంది. ఏ కన్నం నుంచి ఏ కన్నానికి ఎంత దూరమో అందులో ఉంది. ఆ పుస్తకం మళ్ళీ అచ్చు వేసి అమ్ముతున్నారు. నా గరాజులో అన్నిటికంటే నలిగిపోయిన వస్తువు అదే. మూల నుంచి మూలకి టేపుతో కొలిచి గోడ మీద రాసిపెట్టుకోండి. రోజూ పని మొదలుపెట్టే ముందు ఒకసారి, ఆపేముందు ఒకసారి కొలవండి.

ఒక పక్క పూర్తయ్యేదాకా రెండో పక్క ముట్టుకోవద్దు. ముందు లోపలి రాకర్, తర్వాత టార్క్ బాక్సు, ఆ తర్వాతే అడుగు రేకు. స్పాట్ వెల్డ్‌లు విప్పడానికి ప్రత్యేకమైన డ్రిల్ బిట్ ఉంటుంది, పై రేకుని మాత్రమే కోసి కింది రేకుని వదిలేస్తుంది. కొత్త రేకుకి కన్నాలు పెట్టి, మిగ్ వెల్డింగ్‌తో ఆ కన్నాలు పూడ్చితే పాత స్పాట్ వెల్డ్‌కి సరిపడా పట్టు వస్తుంది. ఫ్యాక్టరీలో ఎన్ని చోట్ల వెల్డ్ ఉందో అన్ని చోట్లా పెట్టండి, ఇంకో నాలుగు ఎక్కువైనా పర్లేదు. ఒకే చోట వరసగా వెల్డింగ్ చేసుకుంటూ పోతే రేకు వేడికి ఉబ్బి మెలికపడుతుంది. ఇక్కడ ఒకటి, అటు చివర ఒకటి, చెయ్యి పెట్టి చూసి చల్లారాక మళ్ళీ. రెండు రేకులు కలిసే చోట లోపలి వైపు వెల్డ్ ప్రైమర్ ముందే వెయ్యాలి, బిగించాక అక్కడికి బ్రష్ వెళ్ళదు. కన్వర్టిబుల్ లోపలి రాకర్‌కి జింకు పూత ఉంటుంది. దాని పొగ ఒంటికి మంచిది కాదు. వెల్డ్ చేసే చోట పూత గీకేసి, మాస్కు పెట్టుకుని, గరాజు తలుపు తెరిచి చెయ్యండి.

ప్రాణం మీదకి తెచ్చే సంగతి ఇంకోటి. ఈ కారులో పెట్రోలు ట్యాంకు పై రేకే డిక్కీ నేల. 16 గ్యాలన్ల ట్యాంకు అది. అంటే డిక్కీలో సామాను పెడితే ట్యాంకు నెత్తిన పెట్టినట్టే. ట్యాంకు విప్పి ఇంటి బయట పెట్టకుండా వెనక ఎక్కడా నిప్పురవ్వ పడనివ్వకండి. ఖాళీ ట్యాంకులో ఉండే ఆవిరి, నిండు ట్యాంకు కంటే ప్రమాదం. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. డ్రమ్ము విప్పి గాలి గొట్టంతో ఊదొద్దు, తడిపి తుడవండి. పాత పెయింటులో సీసం ఉండొచ్చు. పొడిగా గీకిన దుమ్ము ఇంట్లో పిల్లలు ఆడే చోటికి చేరకూడదు. మా అమ్మాయి గరాజులోకి వచ్చి పని నేర్చుకుంటుంది. తను వచ్చే రోజు గీకే పని పెట్టుకోను.

ఇంజను గురించి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఈ 289 సులువైన ఇంజను, దాని మీద పుస్తకాలు బోలెడున్నాయి. ఏళ్ళ తరబడి ఆగిపోయిన ఇంజనుని బ్యాటరీ పెట్టి స్టార్టరుతో తిప్పొద్దు. ప్లగ్గులు తీసి సిలిండర్లలో కొంచెం నూనె పోసి, రెండు రోజులు నాననిచ్చి, క్రాంక్ బోల్టు మీద పొడుగు పానాతో చేత్తో తిప్పండి. తిరిగాక డిస్ట్రిబ్యూటరు తీసి, పావు అంగుళం షట్కోణపు రాడ్డుని డ్రిల్లుకి బిగించి ఆయిల్ పంపుని ఎడమకి తిప్పండి. ఇంజను పైన వాల్వులని నొక్కే రాకర్ ఆర్ముల దాకా (ఇందాకటి తలుపు కింది రాకర్ కాదు) ఆయిల్ ఎక్కాకే స్టార్టు చెయ్యాలి. ఫైరింగ్ ఆర్డరు, అంటే సిలిండర్లు వెలిగే వరస, 1-5-4-2-6-3-7-8. ఆ కాలపు క్యామ్ షాఫ్టులకి జింకు ఉన్న ఆయిల్ కావాలి, ఇప్పటి కొత్త కార్ల ఆయిల్‌లో అది తక్కువ. ఇప్పటి పెట్రోలులో కలిపే ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలని తినేస్తుంది. గొట్టాలన్నీ కొత్తవి వెయ్యండి. రంగు విషయంలో 1965 ఇంజను నల్లగా ఉండి, వాల్వ్ కవర్లు, ఎయిర్ క్లీనరు బంగారు రంగులో ఉండాలి. నీలం ఇంజను 1966 నుంచి. చాలామంది 65 కారుకి నీలం పూసేస్తారు. నా కంటికి అది బాగోదు.

బ్రేకులు మాత్రం ఫ్యాక్టరీలో ఉన్నట్టే ఉంచాలని నేను పట్టుబట్టను. 1965, 66 మస్టాంగుల్లో, బ్రేకు నూనెని చక్రాలకి నెట్టే మాస్టర్ సిలిండరులో ఒకటే గది. నాలుగు చక్రాల్లో ఏ ఒక్క చోట గొట్టం పగిలినా నాలుగింటికీ బ్రేకు పోతుంది. 1967 నుంచి ఫోర్డ్ రెండు గదులవి పెట్టింది. నేను రెండు గదుల సిలిండరు వేశాను, గొట్టాలన్నీ మార్చాను. పక్క సీట్లో మా ఆవిడ కూర్చుంటుంది, వెనక మా అమ్మాయి. ఇక్కడ అసలుదే ఉండాలన్న పంతానికి చోటు లేదు. మిగతా చోట్ల ఉంది. అసలు రేకు బాగుచేయడానికి పనికొస్తుందనుకుంటే కొత్తది కొనను. మా కారు ముందు ఫెండర్లు మిల్పిటస్‌లో వేసినవే. సొట్టలు తీసి, అడుగు అంచుల్లో చిన్న ముక్కలు అతికి ఉంచాను. కొత్త ఫెండరు కొనడం తేలికే, ఖరీదూ తక్కువే. కానీ బజారులో దొరికే కొత్త ఫెండర్ల వంపు తలుపు గీతతో కలవక దాన్ని సరిచెయ్యడానికి పట్టే శ్రమ, పాతదాన్ని బాగుచెయ్యడానికి పట్టే శ్రమ కంటే తక్కువేం కాదు. పైగా ఒక్కొక్కటీ మారుస్తూ పోతే చివరికి నంబరు రేకు తప్ప ఆనాటిది ఏం మిగులుతుంది?

ఇక అందరూ ఇష్టపడే భాగం, కప్పు. కప్పు బట్ట వెయ్యడం మొదటి పని అనుకుంటారు, కానీ అది దాదాపు చివరిది. వరస ఇది: తలుపులు సరిగ్గా పడాలి, తర్వాత తలుపు అద్దాలూ వెనక పక్క అద్దాలూ సర్దాలి, తర్వాత కప్పు ఇనప ఫ్రేము ఆ అద్దాలకి తగినట్టు సర్దాలి, తర్వాత రబ్బర్లు. ఇవన్నీ కుదిరాకే బట్ట. కింద బాడీ వంగి ఉంటే ఇక్కడ బయటపడుతుంది. విండ్‌షీల్డ్ అంచుకి కప్పు గడియలు అందవు, లేదా ఒకటి అంది ఇంకోటి అందదు. చాలామంది అప్పుడు ఫ్రేముని వంచడం మొదలుపెడతారు. ఫ్రేము తప్పేం లేదు, తప్పంతా కింద రాకర్‌లో ఉంది. మా కప్పుకి మోటారు ఉంది. వెనక సీటు వెనక చిన్న ఎలక్ట్రిక్ పంపు, రెండు పక్కలా రెండు హైడ్రాలిక్ సిలిండర్లు. గొట్టాలు, సీళ్ళు కొత్తవి వేసి, గాలి పోయేదాకా పైకీ కిందకీ ఆడిస్తే చాలా ఏళ్ళు పనిచేస్తుంది. బట్ట వేసేముందు ఫ్రేము మీద మెత్తలు కుట్టాలి, వెనక అద్దం ఉన్న తెర బిగించాలి, ఆ తర్వాత వినైల్. ఎండలో కాసేపు పరిస్తే వినైల్ మెత్తబడి బాగా సాగుతుంది. జనవరిలో చెయ్యకండి, మన మిషిగన్ చలిలో అది చెక్కలా ఉంటుంది. స్టేపుల్స్ తుప్పు పట్టనివి వాడండి. వేశాక కొన్నాళ్ళు కప్పు మూసే ఉంచండి, ముడతలు వాటంతటవే సర్దుకుంటాయి. తడిగా ఉన్నప్పుడు మడిచి లోపల పెట్టొద్దు, బూజు పడుతుంది.

పెయింటు చెప్తానన్నాను. ఇప్పటి రెండు భాగాల యూరిథేన్ పెయింటుల్లో ఐసోసయనేట్లు ఉంటాయి. అవి ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తాయి, ఆస్తమా తెస్తాయి. మామూలు మాస్కు సరిపోదు, బయటినుంచి గాలి పంపే మాస్కు కావాలి. ఇంటి గరాజులో అది వద్దు. లప్పం, ప్రైమరు, సాండింగ్ అన్నీ మీరే చేసుకోండి. రంగు మాత్రం బూత్, అంటే పెయింటు కొట్టడానికి ప్రత్యేకమైన గది, ఉన్న షాపులో వేయించండి. మేం అలాగే చేశాం.

ఎవరైనా అడగాలనుకుంటే అడగండి.

(ఒక శ్రోత: సార్, మొత్తం మీద ఖర్చయినంత డబ్బు అమ్మితే వస్తుందా?)

రాదండీ. కే ఇంజను కారయితే వేరే సంగతి. మామూలు సీ ఇంజను కారుకి, మీ శ్రమకి కూలి వేసుకుంటే అసలు రాదు. లాభం కోసం అయితే దీని జోలికి రావద్దని తమ్ముడిలాంటి మీకు గట్టిగా చెప్తాను. వేసవిలో సాయంత్రం ఇంట్లోవాళ్ళని ఎక్కించుకుని తిరగాలనుంటే రండి. ఏటా ఆగస్టులో డెట్రాయిట్ దగ్గర వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పాత కార్ల తిరునాళ్ళు జరుగుతాయి కదా, అక్కడ ఇలాంటి కార్లవాళ్ళు వందల్లో ఉంటారు. వాళ్ళతో మాట్లాడి చూడండి. చాలామంది అమ్మే ఉద్దేశంతో కొన్నవాళ్ళు కాదు.

(ఒక శ్రోత: అన్నయ్యగారూ, విప్పిన సామాను మళ్ళీ ఎక్కడిది ఎక్కడో ఎలా గుర్తుంటుంది?)

మంచి ప్రశ్నమ్మా. మా ఇంట్లో ఆ పని మా ఆవిడది. విప్పేముందు ఫోటో, విప్పాక జిప్ సంచీలో బోల్టులు, సంచీ మీద తేదీ, ఏ భాగం, ఎటు పక్క అని రాత. పాత రబ్బరు, పాత కప్పు బట్ట, చిరిగిన సీటు కవరు కూడా కొత్తది బిగించేదాకా పారెయ్యనివ్వలేదు. అదే సరైన పద్ధతి. కొత్త బట్టకి ఎక్కడ కన్నం పెట్టాలో, స్టేపుల్ ఎక్కడ పడాలో పాత బట్టే చెప్తుంది.

(ఒక శ్రోత: కొనడానికి వెళ్ళినప్పుడు ఒకే ఒక్క పరీక్ష చెయ్యాలంటే ఏది?)

జాకీ తీసుకెళ్ళండి. అమ్మేవాళ్ళ అనుమతితో ముందు చక్రాన్ని నేల మీంచి లేచేదాకా ఎత్తండి. కారు కిందకి మాత్రం వెళ్ళొద్దు, జాకీ మీద ఉన్న కారు కిందకి ఎప్పుడూ వెళ్ళకూడదు. ఎత్తాక ఆ పక్క తలుపు మెల్లగా తెరిచి మూయండి. ఎత్తకముందు ఎలా పడిందో అలాగే పడితే రాకర్ బాగున్నట్టే. అంచు రాసుకున్నా, గడియ అందకపోయినా, తలుపు పైసందు ఒక చివర ఇరుకై ఇంకో చివర వెడల్పయినా కింద బలం పోయినట్టు. అప్పుడు పైన ఎంత మెరుస్తున్నా రేకు పని మొత్తం ఉందని లెక్కవేసుకుని ధర మాట్లాడండి. కొందరు జాకీ పెట్టనివ్వరు. అలాంటి చోట బేరం మాట్లాడకుండా వచ్చెయ్యండి. లక్షకి పైగా చేసిన కారది, ఇంకోటి దొరుకుతుంది.